నా పేరు మీద రాసిన గోళీలు

మా ఇంటి బీరువా లాకరులో రెండే రెండు వస్తువులు ఉండేవి. ఒకటి అమ్మ చంద్రహారం, రెండోది నాన్న మెడికల్ పుస్తకం. దొంగ వస్తే చంద్రహారం ఇచ్చి పుస్తకం కాపాడుకునే మనిషి మా అమ్మ. నాన్న ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఫిట్టరు. ఉద్యోగికీ, భార్యకూ, పెళ్లికాని పిల్లలకూ కంపెనీ డిస్పెన్సరీలో మందులు ఊరికే ఇచ్చేవారు. డాక్టరు ఆ పుస్తకంలో రాయాలి, మందులిచ్చే ఆయన ఆ పేజీ చూసి ఇవ్వాలి. అంతే.

పుస్తకంలో పేర్లు కొన్నే, దాని మీద బతికిన ఒళ్లు మాత్రం చాలా. మా మేనమామకు కడుపులో మంట పుడితే నాన్న పొట్ట పట్టుకుని డిస్పెన్సరీకి వెళ్లేవాడు. కింది వాటాలో కిరాయికి ఉండే ముసలమ్మకు మోకాళ్లు పట్టేస్తే మా అమ్మ కుంటుతూ వెళ్లేది. కుంటడం అమ్మకు బాగా వచ్చు. డిస్పెన్సరీ గేటు దగ్గర మొదలుపెట్టి, మందులు సంచిలో వేసుకుని మళ్లీ గేటు దాటాక ఆపేది. ఇది తప్పని మా ఇంట్లోనే కాదు, నాచారంలో మా గల్లీలో ఏ ఇంట్లోనూ ఎవరికీ తోచలేదు. పుస్తకం ఉన్న ఇల్లు నలుగురికీ పెట్టాలి, పెట్టకపోతే పిసినారి కొంప అని పేరు. ఒకరి ఒంటిని చూసి రాసిన మందు ఇంకొకరి ఒంట్లోకి పోతే ఏమవుతుందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నేను చెప్పబోయే దాంట్లో నేను మంచిదాన్ని కాను. మధ్యలో ఎవరైనా నా మొహం చూసి జాలిపడతారేమోనని ముందే చెప్పేస్తున్నాను.

ఉప్పల్‌లో స్టేడియం లేస్తున్న రోజులవి. నేను డిగ్రీ రెండో ఏడు. నాచారం నుంచి హబ్సిగూడలో బస్సు మారి ఉప్పల్‌లో కాలేజీకి వెళ్లేదాన్ని. నా మొహం మీద మొటిమలు అనడం మర్యాదకు అనే మాట. చెంపల నిండా, గదవ కింద, చెవుల ముందు గడ్డలు గడ్డలుగా లేచి, చీము పట్టి, మానిన చోట గుంటలు పడి ఉండేవి. దిండు మీద పడుకుంటే నొప్పి. నవ్వితే నొప్పి. స్టేడియం పనికి కంకర లారీలు రోడ్డంతా తిరిగేవి. లారీ కనబడగానే మా క్లాసు అమ్మాయిలు నన్ను మోచేత్తో పొడిచి, "అగో, మీ సుట్టాలు పోతున్నరు సూడవే" అనేవాళ్లు. అలా నాకు కంకర అని పేరు పడింది. లెక్చరరు హాజరు పిలిచేటప్పుడు కూడా వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు నా అసలు పేరు బదులు ఆ పేరు అనేవాళ్లు. ఆయన కూడా ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు నేనింకా క్షమించలేదు.

ఇంట్లో మాత్రం ఏం తక్కువ? చుట్టాలు వస్తే అమ్మ నన్ను వంటింట్లోకి తోసేది. "గా మొకం ఏస్కొని ముంగట కూసోకు. సూసినోళ్లకు అన్నం దిగుతదా?" అనేది. అమ్మ ప్రేమ అలా ఉండేది.

ప్రతి గురువారం డిస్పెన్సరీకి చర్మం డాక్టరమ్మ వచ్చేది. కోస్తా మనిషి, మాట కటువు. ఆమె దగ్గర నేను ఏడాదిన్నర తిరిగాను. ముందు పొద్దున కడుక్కునే మందు, రాత్రి పూసుకునే తెల్లటి జెల్. ఆ జెల్ మొటిమల్ని ఏం చేసిందో గానీ మా తువ్వాళ్ల రంగు మాత్రం లాగేసింది. నా దిండు గలీబు మీద నా చెంప ఆకారంలో తెల్లటి మచ్చ పడితే అమ్మ వీధిలో అందరికీ తీసి చూపించింది. తరువాత యాంటీబయోటిక్ గోళీలు నెలల తరబడి. అవి మింగినన్నాళ్లు కాస్త తగ్గేవి, ఆపగానే వడ్డీతో సహా తిరిగొచ్చేవి. "ఇంకొకటి ఉంది. ఆఖరుగా ఇచ్చే మందు. రక్తం చూసి గానీ ఇవ్వను," అంది డాక్టరమ్మ.

ఆ లోపల మా అన్న పెళ్లయింది. అన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. వదినది జనగామ అవతల పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. పెళ్లి పీటల మీద మొహం మెరిసిపోతూ, సినిమా పోస్టరులా ఉంది. మా అమ్మ ఊరేగింపులో నాలుగడుగులు ఎగిరింది కూడా.

పెళ్లయిన మూడో రోజు పొద్దున వదిన తలస్నానం చేసి పెరట్లోకి వచ్చింది. రంగులన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయి. కింద ఉన్నది నా మొహమే. అవే గడ్డలు, అవే గుంటలు. అమ్మ చేతిలో చాయ్ గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఏందే గిది?" అంది.

"మొటిమలు అత్తమ్మా. చిన్నప్పటి సంది ఉన్నయ్," అంది వదిన నేల చూస్తూ.

"సున్నం గొట్టి అంటగట్టిన్రు గదనే మాకు! ఒక్కదాన్ని ఏడ పెట్టాల్నో తెల్వక సస్తుంటే ఇంకోదాన్ని తెచ్చుకున్నమా?"

మా అన్న మెట్ల మీద నిలబడి పళ్లు తోముకుంటూ నవ్వాడు. నేను కూడా నవ్వాను. పగలబడి నవ్వాను. ఆ నవ్వులో ఎంత హాయి ఉందో చెప్పలేను. అన్నేళ్లకు మా ఇంట్లో నా మొహం కాకుండా ఇంకో మొహం దొరికింది. లోపలికి పరుగెత్తి అద్దం తెచ్చి ఆమె ముందు పెట్టి, "సూస్కో వదినే, కంకర రోడ్డు లెక్కనే లేదూ?" అన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో కంకర అంటే వదిన. కాలేజీలో నాకు పెట్టిన పేరు ఇంట్లో ఆమెకు పెట్టి చేతులు దులుపుకున్నాను.

వదిన ఏడవలేదు. అది నాకు కొంచెం కోపం తెప్పించింది. చాయ్ గిన్నె అమ్మ చేతిలోంచి తీసుకుని అందరికీ పోసింది. నాకు కూడా పోసింది.

రక్తపరీక్ష బాగానే వచ్చింది. ఆ గురువారం డాక్టరమ్మ కళ్లద్దాల మీదుగా నన్ను చూస్తూ అడిగింది.

"పెళ్లయిందా?"

"లేదు మేడమ్."

"కుదిరిందా?"

"నా మొకానికా మేడమ్?"

ఆమె నవ్వలేదు. "కుదిరితే ముందు నాకు చెప్పాలి. ఇది వాడేటప్పుడు కడుపొస్తే బిడ్డకు ప్రమాదం. తల, గుండె, చెవులు, ఏదైనా దెబ్బతినొచ్చు. ఆపాక కూడా నెల దాకా జాగ్రత్తగా ఉండాలి. రోజుకు రెండు, అన్నం తిన్నాక వేసుకో. పెదాలు పగులుతాయి, ఎండలో తిరగకు. ఇంకోమాట, ఇది ఎవరికీ ఇవ్వకు. మీ వాళ్ల అలవాట్లు నాకు తెలీవనుకోకు." అని, బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి పుస్తకంలో పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రెండు లైన్లు రాసి, కింద గీత కొట్టింది. మిగతా డాక్టర్ల రాత చీమలు పాకినట్టుండేది. ఇవి మాత్రం ఒకటో తరగతి పిల్లలు చదువుకునేలా ఉన్నాయి.

మందులిచ్చే ఆయన డబ్బా విప్పి, లోపలి కాగితాన్నీ డబ్బానూ తన దగ్గరే పెట్టుకున్నాడు. కత్తెరతో స్ట్రిప్పులు ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఖాకీ కవర్లో పోశాడు. పేరూ లేదు, హెచ్చరికా లేదు. చూస్తే చేపనూనె గోళీల్లా ముద్దుగా ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి నాన్న, అన్న అన్నం తింటున్నారు. అమ్మ కవర్ను చేతిలోకి తీసుకుని ఊపి చూసింది.

"దినానికి ఎన్ని?"

"రెండు."

"నీకొకటి, దానికొకటి. ఇద్దరి మొకాలు ఒక్కపారే సాఫవుతయ్."

అప్పుడు చెప్పాలి నేను. నోట్లో మాట ఉంది. నాన్న, అన్న ముందు కడుపు, బిడ్డ అనే మాటలు ఎలా అనాలని సిగ్గేసి ఆగానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మొదటి రోజుకు ఆ సాకు సరిపోతుంది. రెండో రోజు వంటింట్లో అమ్మ ఒక్కతే ఉంది. మూడో రోజు వదిన ఒక్కతే ఉంది. నేను నోరు విప్పలేదు. పుస్తకం చదవగలిగే మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. నాన్నకు సంతకం వరకే వచ్చు, అమ్మకు అదీ రాదు, అన్న ఆ పుస్తకం ముట్టడు. వదినకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ, అత్తగారి లాకరులోది అడిగి చూసే ధైర్యం లేదు.

చెప్పకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. గోళీల కవర్ నా దగ్గరుండేది. పొద్దున టిఫిను తిన్నాక వదిన నా ముందుకొచ్చి నిలబడి అడగాలి. ఆ అడగడం నాకు బాగా నచ్చింది. అన్నేళ్లు అందరి నోళ్లలో నలిగినదాన్ని, నా ముందు ఒక మనిషి చెయ్యి చాచి నిలబడితే ఎలా ఉంటుందో తొలిసారి తెలిసింది. రెండు గుప్పిళ్లూ వెనక్కి పెట్టుకుని, "ఏ చేతిల ఉందో చెప్పు" అనేదాన్ని. సరిగ్గా చెబితే ఇచ్చేదాన్ని. తప్పు చెబితే ఆ రోజు లేదు. వదిన మొదట్లో ఆటే అనుకుని నవ్వేది. తరువాత నవ్వడం మానేసి, చేతుల వైపు చాలాసేపు చూసి చెప్పేది. నెల తిరక్కుండానే నా బట్టలు ఆమె ఉతికేది, నా వంతు గిన్నెలు ఆమె తోమేది, నా జడ ఆమె వేసేది. ఆ ఎర్ర అక్షరాల సంగతి చెబితే గోళీలు ఆగిపోతాయి. గోళీలు ఆగిపోతే నా గిన్నెలు నేనే తోముకోవాలి. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

మందు పనిచేసింది. ముందు పెదాలు ఎండి చిట్లాయి, ముక్కులో రక్తం వచ్చింది, మొహం మీద గడ్డలు ఇంకా ఎక్కువయ్యాయి. తరువాత ఒక్కొక్కటే అణిగిపోయాయి. మూడో నెలకు నా చెంప మీద చెయ్యి వేస్తే చెంపే తగిలింది. బస్సులో ఒకడు నా వైపు చూశాడు, చూసి తల తిప్పుకోలేదు. నేను తరువాతి స్టాపులో దిగి ఏడ్చాను.

వదిన మొహం నాకంటే బాగా తేరింది. రోజుకొక్కటి, అదీ నేను దయతలచిన రోజుల్లో వేసుకున్న మనిషి. గుంటలు కూడా పెద్దగా మిగల్లేదు. గడ్డల కింద అంత చక్కటి మొహం దాగుందని ఎవరికి తెలుసు? అన్న ఆమెను స్కూటరు మీద ఉప్పల్ తీసుకుపోయి మల్లెపూలు కొనిచ్చాడు. అమ్మ చుట్టాల ముందుకు ఆమెనే చాయ్ పట్టుకుని పంపేది. "మా కోడలు" అని ఒత్తి పలికేది. నేను వంటింట్లోంచి వింటూ, అందులో సగం మొహం నాదే, నా పేరు మీద వచ్చిందే అనుకునేదాన్ని. మరుసటి రోజు పొద్దున ఆమె ఏ చెయ్యి చెప్పినా తప్పే అయ్యేది, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీయే.

మరిచిపోయానని మాత్రం అనను. ప్రతి నెలా పుస్తకం పట్టుకుని వెళ్లేదాన్ని. డాక్టరమ్మ ప్రతిసారీ ఆ రెండు లైన్లు మళ్లీ ఎర్రగా రాసేది.

నాలుగో నెలలో ఒక పొద్దున వదిన బట్టలు ఉతికే బండ దగ్గర కూర్చుని నన్ను పిలిచింది. చేతులకు సబ్బు నురగ. మొహం వెలిగిపోతోంది.

"ఎవ్వలికి జెప్పకు. ముందుగాల నీకే చెప్తున్న. మీ అన్నకు గూడ చెప్పలే. నెల తప్పి ఇరవై దినాలైంది."

నేను ఆమె పొట్ట వైపు చూశాను.

"నీతోనే అయింది ఇదంతా," అంది నా చెయ్యి పట్టుకుని. "మొకం గట్లనే ఉంటే మీ అన్న నాదిక్కు సూస్తుండెనా? అత్తమ్మ అన్నం పెడుతుండెనా? నీ గోళీలే." నా చేతికి నురగ అంటింది. "ఇప్పుడు గూడ ఏస్కోవచ్చునా అవి? ఏం కాదు గదా?"

"ఇగ వద్దులే," అన్నాను. "మొకం మంచిగైంది గదా. ఇగ బంద్ చెయ్యి."

ఇంత మాత్రమే అన్నాను. ఆమె సరేనని మళ్లీ బట్టలు పిండింది. అందులో నా చున్నీ కూడా ఉంది.

గురువారం దాకా ఆగాను. డాక్టరమ్మ ముందు కూర్చుని, నా స్నేహితురాలు ఒకామె ఇదే మందు వాడుతూ గర్భవతి అయింది మేడమ్, అన్నాను. ఆమె పెన్ను మూత పెట్టింది.

"నీ స్నేహితురాలికి ఈ మందు ఎవరు రాశారు?"

నేను తల దించుకున్నాను.

"నేను రాసింది నీకు. నీ రక్తం చూసి, నీకు పెళ్లయిందా అని అడిగి రాశాను. ఆ అమ్మాయిని ఎవరు అడిగారు?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఇవాళే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఏం మందు, ఎన్నాళ్లు, అంతా చెప్పండి. దాచొద్దు. బిడ్డకు ఏదో ఒకటి అయ్యే తీరుతుందని నేను చెప్పను. కానీ భయం చిన్నది కాదు. తెలిశాక ఏం చెయ్యాలో ఆ అమ్మాయే తేల్చుకోవాలి."

ఇంటికొచ్చి అమ్మకు ఒక్కదానికే చెప్పాను. అమ్మ ఒక చెంపదెబ్బ కొట్టింది. కొత్తగా బాగుపడిన చెంప. తరువాత తలుపు గడియ పెట్టి, కిందికి కూర్చుంది.

"నీకు ముందుగాల ఎరుకనా?"

"ఎరుకే."

"మరెందుకు జెప్పలే?"

ఏం చెప్పను? గిన్నెలు అని చెప్పనా?

అమ్మ ఆలోచన ఎంత త్వరగా పుస్తకం వైపు మళ్లిందో నాకిప్పటికీ గుర్తుంది. "ఇది బైటవడితే పుస్తకం గుంజుకుంటరు. మీ నాయిన కొలువుకే ఎసరొస్తది. మీ అన్నకు తెలిస్తే ఇల్లే ఆగమైతది. దానికి, దాని తల్లిగారోళ్లకు అస్సలు తెల్వొద్దు," అంది. కోడలు, కడుపు, ఆ వరుసలో చివర్లో వచ్చాయి.

మరునాడు వదినను ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోంకు తీసుకెళ్లాం. తొలి చూలు కదా, చూపించాలి అని చెప్పాం. అన్న డ్యూటీలో ఉన్నాడు. అక్కడి డాక్టరమ్మ మలయాళీ. ఇంగ్లీషు, కొంచెం హిందీ, తెలుగు అంతంత మాత్రం. వదినను బల్ల మీద పడుకోబెట్టి స్కాను చేసింది. తెర మా వైపు తిరిగి ఉంది, వదినకు కనబడదు. నల్లటి తెర మీద చిక్కుడు గింజంత తెల్లటి ముద్ద, దాని మధ్యలో ఏదో చుక్క గబగబా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ దాన్ని వేలితో చూపించి, హార్ట్ బీట్ బాగుంది, అంది ఇంగ్లీషులో.

వదిన పక్కగదిలో చీర సర్దుకుంటుండగా నేను మందు సంగతి చెప్పాను. డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. డిస్పెన్సరీలో విన్న మాటలే మళ్లీ విన్నాను. ప్రమాదం పెద్దది, తప్పకుండా అవుతుందని కాదు, ఉంచుకుంటే ఫలానా నెలల్లో ఫలానా స్కాన్లు చేసి చూడాలి, వద్దనుకుంటే ఇప్పుడే మంచిది, భార్యాభర్తలు మాట్లాడుకుని రండి. "ఆమెకు మీరు అర్థమయ్యేలా చెప్పగలరా?" అని నన్నే అడిగింది. చదువుకున్న పిల్లను కదా.

చెప్పగలను అన్నాను.

బయట వరండాలో బెంచీ మీద వదిన కూర్చుని ఉంది. అమ్మ నా వైపు చూసి కళ్లతోనే తొందర పెట్టింది. నేను వదిన పక్కన కూర్చుని చెప్పాను.

"గుండె కొట్టుకుంటలేదట వదినే. తీసెయ్యాలెనట."

ఆమె నా మొహంలోకి చూసింది. గుప్పిళ్ల ఆటలో నా చేతుల వైపు చూసినట్టే చూసింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బెంచీ మీదే ముందుకు వంగిపోయింది. మాకు తెలియని మనుషులు ఇద్దరు ముగ్గురు వచ్చి ఆమె వీపు నిమిరారు. మేం నిమరలేదు.

రెండు రోజులకు అన్న వచ్చి, చూపించిన చోట సంతకం పెట్టాడు. వాడికీ అదే మాట చెప్పాం, డాక్టరమ్మకు మాత్రం ఇద్దరూ మాట్లాడుకుని వద్దనుకున్నారని చెప్పాం. వదిన కూడా పెట్టింది, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, తన పేరు మొత్తం.

ఇంటికి తెచ్చాక అమ్మ ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే అనుమానం వస్తుందనుకుందో, నిజంగానే తన అబద్ధాన్ని తనే నమ్మిందో. "నీళ్ల బకీట్లు మొయ్యొద్దు అంటే ఇంటివా? డాబా మీదికి ఎక్కొద్దంటే ఇంటివా?" అని వచ్చినవాళ్లందరి ముందూ అనేది. మొయ్యొద్దని అమ్మ ఎన్నడూ అనలేదు. ఆ బకెట్లలో సగం నా బట్టలవి. వదిన మంచం మీద గోడకు తిరిగి పడుకుని, "నాదే తప్పు అత్తమ్మా," అనేది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "నీకు మస్తు తక్లీఫ్ అయింది నాతోని. దవాఖానల సుట్టు తిరిగినవ్," అంది.

కవర్లో ఇంకా గోళీలు మిగిలాయి. నేనే మింగాను, రోజుకు రెండు, ఒక్కటీ వదలకుండా. మొహం పూర్తిగా బాగుపడాలి కదా. బాగుపడింది. ఆ మొహంతోనే పెళ్లి చేసుకుని మల్కాజిగిరి వెళ్లిపోయాను.

వదినకు తరువాత ఒక కూతురు పుట్టింది. కడుపుతో ఉన్నన్నాళ్లూ బకెట్టు కాదు కదా, చెంబు కూడా ఎత్తలేదు. తొమ్మిది నెలలూ మంచం దిగడానికి భయపడింది. పిల్ల చక్కగా, ఏ లోపమూ లేకుండా పుట్టింది. దాన్ని పక్కలో వేసుకుని, "మొదటిదాన్ని నేనే సంపుకున్న, గిప్పుడు దీన్ని పువ్వు లెక్క కాపాడుకున్న," అని నాతో అంది. నేను పిల్ల కాళ్లు సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది నాన్న రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లకు వేరే కార్డు ఇస్తాం, పాత మెడికల్ పుస్తకాలు తెచ్చి అప్పజెప్పండి అన్నారు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పేజీలు నిండాక అమ్మ దాచిపెట్టిన పాత పుస్తకాలన్నీ హాల్లో చాప మీద ఉన్నాయి. అమ్మ దేవుడి గదిలో ఉంది. వదిన చిక్కుడుకాయలు వలుస్తోంది. నేనూ కూర్చుని ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాను. వదిన కూతురు ఇంగ్లీషు మీడియం. బస్సు బోర్డు దగ్గర నుంచి పాల ప్యాకెట్టు దాకా కనబడిన ప్రతిదీ పైకి చదివే జబ్బు దానికి. ఒక పుస్తకం తెరిచి మొదలుపెట్టింది. ముందు నా పేరు చదివింది.

"ఇగో, అత్తమ్మ పేరు! గోళీలు రాసిన్రు. ఇక్కడ రెడ్ పెన్నుతోటి ఉంది. డు నాట్ షేర్. నెవర్ ఇన్ ప్రెగ్నెన్సీ." ఆగి తలెత్తింది. "మమ్మీ, ప్రెగ్నెన్సీ అంటే?"

వదిన చేతులు ఆగాయి. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. ఆస్పత్రుల్లో కూర్చుని కూర్చుని నేర్చుకుంది.

"తారీకు సదువు బిడ్డా," అంది.

పిల్ల చదివింది. వెనక పేజీలోదీ చదివింది, దాని వెనకదీ చదివింది. ప్రతి నెలా అవే రెండు లైన్లు. వదిన బొటనవేలితో వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకుంది. తరువాత నా వైపు తిరిగింది.

"గప్పుడు నువ్వు డిగ్రీ సదువుతుంటివి గదా."

"అవును."

"ఇంగ్లీషు వస్తుండె గదా నీకు."

"వస్తుండె."

దేవుడి గదిలో అమ్మ గంట కొడుతోంది. అది ఆగాక వదిన చాలా మెల్లగా అడిగింది.

"గుండె కొట్టుకున్నదా?"

అబద్ధం నాలుక మీదే ఉంది. పదేళ్లుగా వాడిన అబద్ధం. ఇంకోసారి చెబితే ఆమె నమ్మకపోయినా, నమ్మినట్టు ఉండడానికి వీలయ్యేది. చెబితే దయ అవుతుందా, చెప్పకపోతే దయ అవుతుందా, నాకు తెలియలేదు. దయ చేసిన అలవాటు నాకు లేదు.

"కొట్టుకున్నది," అన్నాను.

వదిన తలూపింది. ఒళ్లో పడిన చిక్కుడు నార దులుపుకుంది. పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసి, తన మోకాలి కింద పెట్టుకుంది. నా ముందున్న చిక్కుడుకాయలు కూడా తన వైపుకు లాక్కుంది.

"బిడ్డా, అత్తమ్మ పోతదట. గేటు తియ్యి," అంది.

నేను పోతానని అనలేదు. వచ్చి పావుగంట కూడా కాలేదు. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లి గేటు తీసి, పట్టుకుని నిలబడింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.